ఏది క్లియర్?

అధ్యక్ష స్థానంలో ఉన్న డివిజన్ ఇంజనీరు గారికి, ఆయన పక్కనున్న సెక్షన్ ఇంజనీరు గారికి, మూడు షిఫ్టుల ఆపరేటర్లకి, లైన్‌మన్లకి, మొదటి వరసలో కూర్చున్న మా అక్కకీ బావకీ, కుర్చీలు చాలక గోడకి ఆనుకుని నిలబడ్డవాళ్ళకీ నమస్కారం. పక్క గదిలో ప్యానెల్ ముందు కూర్చుని, తలుపు తెరిచిపెట్టి వింటున్న కొత్త ఆపరేటరమ్మాయికి కూడా. రేపటి నుంచి నా కుర్చీ ఆమెది.

ముందుగా ఒక క్షమాపణ. ఈ రిటైర్మెంటు సభ ఊళ్ళో మంచి హాల్లో పెడదామన్నారు, నేనే వద్దని, సబ్‌స్టేషన్ కంట్రోల్ రూం పక్కనున్న ఈ స్టోర్ గదిలో, తీగ చుట్టల మధ్య మిమ్మల్ని ఇరికించాను. కారణం నా జేబులో ఉంది. (చొక్కా జేబు తడుముతూ) నాలుగో నంబరు లైను తాళం చెవి. పొద్దున పదిన్నరకి ఇద్దరు మనుషులకి ఆ లైను మీద లైన్ క్లియర్ ఇచ్చాను. ఇప్పుడు మూడున్నర. వాళ్ళింకా పైనే ఉన్నారు. మా బావ ఇందాకటి నుంచి "ఏంటి బామ్మర్దీ, అప్పులవాడు వస్తాడన్నట్టు ఆ తలుపు వంకే చూస్తావు" అంటున్నాడు. అందుకు బావా. (నవ్వులు)

మా బంధువుల కోసం చెబుతాను. లైన్ క్లియర్ అంటే, ఈ తీగలో కరెంటు ఆపాను, తాళం వేశాను, నువ్వు చెప్పేదాకా తియ్యను, ధైర్యంగా ఎక్కు అని నేనిచ్చే మాట. పనయ్యాక అతను దిగి, అందరం దిగాం, లైన్ క్లియర్ అని ఆ మాట నాకు తిరిగి ఇస్తాడు. ఎక్కడానికీ అదే మాట, దిగడానికీ అదే మాట. ఇంగ్లీషువాడు ఏ అర్థంతో వాడుకున్నాడో గాని, మనం మాత్రం దాన్ని ఇంట్లో చీపురు వాడినట్టు అన్నిటికీ వాడతాం. ఆకాశం క్లియర్. రోడ్డు క్లియర్. మా మేనల్లుడు లెక్కల పేపరు నాలుగోసారికి క్లియర్ చేశాడు. (నవ్వులు) అమ్ముడుపోని చొక్కాలకి క్లియరెన్స్. సెక్షన్ ఇంజనీరు గారికి కోపం వస్తే "ఏదైనా క్లియర్‌గా చెప్పండి" అంటారు, చెబితే "మరీ అంత క్లియర్‌గా చెప్పాలా" అంటారు. (నవ్వులు) నిన్న ఆఫీసులో గుమాస్తా నా ఫైలు మీద ముద్ర కొట్టి, "అంతా క్లియర్ సార్, ఇంక మీకూ మాకూ ఏం లేదు" అన్నాడు. మంచివాడు, ప్రేమగానే అన్నాడు. నేను మాత్రం ఆ మాటే మళ్ళీ మళ్ళీ అనుకుంటూ మెట్లు దిగాను.

అధ్యక్షులు ఇందాక నా సర్వీసంతా ఒక్క ప్రమాదం కూడా జరగలేదన్నారు. మీరు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నావి కావు. ఎవరివో చెప్పకుండా తీసుకెళ్తే దొంగసొత్తు అవుతుంది.

నా వెనక మీరు నన్ను 'ముమ్మారు సార్' అంటారని తెలుసు. ప్రతిదీ మూడుసార్లు అడుగుతానని. నేను పుట్టుపిరికిని కాను. ఆ భయం నాకు ఒక రోజు అంటుకుంది. ముప్పై మూడేళ్ళయింది. వినవలసిన మనిషి రెండో వరసలో, కిటికీ పక్కన ఉన్నాడు. స్తంభం ఎక్కితే కిందకి చూడడని మనమంతా ఉడుత అని పిలుచుకున్న పాత లైన్‌మన్. ఉడుతన్నా, నీకే చెబుతున్నాను.

అప్పట్లో చేతుల్లో ఫోన్లు లేవు. లైను మీదివాళ్ళు రోడ్డు పక్క దుకాణంలోంచి ఫోను చేస్తే, ఎక్స్ఛేంజీలో ఆపరేటరు మాకు కలిపేది. నాకు సర్వీసు పదకొండు నెలలు. నువ్వు స్తంభం మీదున్నావు. మబ్బు పట్టింది. మిల్లువాళ్ళు కరెంటు కోసం పది నిమిషాలకోసారి ఫోను చేసి తిడుతున్నారు. అంతలో నీ జతగాడు చేశాడు. ఒకటే గరగర. అతను చెప్పేది నాకు వినపడదు, నేను చెప్పేది అతనికి వినపడదు. ఉన్నట్టుండి గరగర ఆగింది. "క్లియరేనా?" అన్నాను. "ఆ, క్లియర్ సార్, ఇప్పుడు క్లియర్" అన్నాడు. నేను ఫోను చెవికీ భుజానికీ మధ్య నొక్కిపెట్టి, తాళం తీసి, కరెంటు వదిలే హ్యాండిల్ మీద చెయ్యి వేశాను. అది చల్లగా ఉండటం ఇంకా గుర్తుంది.

అప్పుడు ఒక ఆడమనిషి గొంతు మధ్యలోకి వచ్చింది. "ఆగండి సార్. ఏది క్లియర్? ఫోనా, కరెంటు తీగా? అడిగారా?"

అడిగాను. "తీగా? అన్న ఇంకా పైనే ఉన్నాడు సార్. ఇంకో అరగంట పడుతుందని చెబ్దామనే చేశా" అన్నాడు.

హ్యాండిల్ మీంచి వేళ్ళు ఒక్కొక్కటే తీశాను.

ఆ రోజు నువ్వు ఎర్త్ గొలుసు వేశావా లేదా అని తర్వాత నిన్ను ఎప్పుడూ అడగలేదు అన్నా. ఆ గొలుసుంటే పొరపాటున కరెంటు వచ్చినా మనిషి బతుకుతాడు. అడిగితే ఏం చెబుతావోనని భయం.

మర్నాడు ఎక్స్ఛేంజీకి వెళ్ళాను. ఆవిడ గేటు దాకా వచ్చి, నేను నోరు తెరిచే లోపే అంది: "కలిపాక వినకూడదని మా రూలు. విన్నానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. తమ్ముళ్ళిద్దరూ చదువుకుంటున్నారు. ఎవరికీ చెప్పకండి." నాదీ అదే పరిస్థితి. ఒకరి గుట్టు ఒకరం దాచాం. దాచడం కోసం తరచూ కలుసుకోవలసి వచ్చింది. (నవ్వులు) ఏడాది తిరక్కుండా పెళ్ళయింది. "మా సారు ఫోన్లో లైన్ వేసి పెళ్ళి చేసుకున్నాడు" అని ఊరంతా చాటింది ఈ ఉడుతన్నే. నిజమే చెప్పాడు. అది ఏ లైనో మాత్రం అతనికి తెలీదు.

ఆవిడ పోయి పద్నాలుగు నెలలైంది. ఇంక ఆవిడ ఉద్యోగం పోతుందన్న భయం లేదు. నాది సాయంత్రం ఆరింటికి పోతుంది. అందుకని ఇవాళ చెబుతున్నాను.

ఒకసారి తప్పించుకున్నవాడు మళ్ళీ ఆ తప్పు చెయ్యడంటారు. చేశాను. ఆవిడ స్కాన్ సంగతి కనుక్కోవడానికి ఒక్కణ్ణే వెళ్ళాను. అక్కడి మనిషి ఫిల్ము వెలుతురుకి పెట్టి, "చాలా క్లియర్‌గా వచ్చింది" అన్నాడు. ఇంకొక్క మాట అడగకుండా బయటికి వచ్చి, మెట్ల మీదే నిలబడి ఇంటికి ఫోను చేశాను. "క్లియర్ అట" అన్నాను. అటునుంచి మామూలు గొంతుతోనే అంది: "ఏది క్లియర్? బొమ్మా, నేనా? అడిగారా?"

అడగలేదు. మళ్ళీ మెట్లెక్కాను.

ఆ మెట్లు ఎన్నో నాకు తెలుసు. ఇంతకంటే చెప్పను. ఒక్కటి మాత్రం. ఆఖరి వారంలో చేతికి సూది దిగక, నరం కోసం వెతుకుతూ నర్సు "లైన్ దొరకట్లేదమ్మా" అంది. ఆవిడ నా వంక చూసి, "ఒకప్పుడు ఊరందరికీ లైన్లు కలిపాను, నాకే దొరకట్లేదట" అంది. నర్సు కూడా నవ్వింది.

ఉడుతన్నా, అయిపోయింది. తిట్టాలనుంటే తిట్టు. ఈ భయం కూడా ఇవాళతో తీరాలి.

(ఉడుతన్న కుర్చీ పట్టుకుని లేచారు. "అమ్మగారు పోయినప్పుడు నేను రాలేదు సార్. మోకాళ్ళ నొప్పులని ఇంట్లోనే కూర్చున్నా. ముందే చెప్పుంటే పాక్కుంటూ అయినా వచ్చేవాణ్ణి." మళ్ళీ అన్నారు: "గొలుసు వెయ్యలేదు సార్ ఆ రోజు. మీరు అడగకపోవడమే మంచిదైంది.")

కూర్చో అన్నా. కూర్చో.

(గ్లాసు అందుకుని, తాగకుండానే పెట్టేసి) విన్నారుగా. ఇంక చప్పట్లు ఎవరివో మీకు తెలుసు.

రేపటి సంగతి కూడా చెప్పి ముగిస్తాను. రేపు ఈ జేబులో తాళం చెవి ఉండదు. ఏ తీగ మీద ఎవరున్నారో నాకు తెలీదు. "ఏది క్లియర్" అని అడిగే మనిషి ఇంట్లో లేదు. ఇన్నేళ్ళూ ఎవరో ఒకరి కోసం భయపడుతూ బతికినవాణ్ణి, రేపు పొద్దున లేచి ఎవరి కోసం భయపడాలో తెలియకపోతే ఎలా ఉంటుందో ఊహించలేకుండా ఉన్నాను. మీరు గోడగడియారం ఇచ్చారు. చాలా బాగుంది. దానివైపు చూడటానికి కొంచెం...

(పక్క గదిలో ఫోన్ మోగింది.)

ఒక్క నిమిషం. ఎవరూ మాట్లాడకండి. ఆ ఫ్యాను ఆపండి.

(తలుపులోంచి ఆపరేటరమ్మాయి గొంతు: "చెప్పండన్నా... క్లియరా? ఏది క్లియర్?... ఊహూ, అలా కాదు. ఇద్దరూ దిగారా?... గొలుసు తీశారా?... పక్కాయనకి ఫోనివ్వండి. పర్లేదు, చేతులు తుడుచుకునే ఇమ్మనండి, నేనుంటా. నాకు ఆయన గొంతు వినపడాలి... ఆ, మీరేనా? దిగారా? నేల మీదే ఉన్నారా?... సరే. నాలుగో నంబరు. రాసుకున్నా.")

మొదటి ప్రశ్న నేను నేర్పిందే. అది అసలు ఎవరిదో ఆమెకి ఇవాళే తెలిసింది. రెండో మనిషి గొంతు వినాలన్నది మాత్రం నేను నేర్పలేదు. ముప్పై మూడేళ్ళలో నాకు తోచలేదు. అది ఆమె సొంత భయం.

అమ్మాయ్, ఇలా వచ్చి ఈ తాళం చెవి తీసుకో. లైను నువ్వే ఛార్జ్ చెయ్యి, కరెంటు వదులు. నేను రాను.

(తాళం చెవి చేతులు మారింది. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.)

జేబు తేలికైంది. చెయ్యి ఇంకా అక్కడికే పోతోంది.

అధ్యక్షులకి, ఈ ఇరుకులో ఓపిగ్గా కూర్చున్న అందరికీ, వచ్చిన ఉడుతన్నకీ కృతజ్ఞతలు. వాళ్ళిద్దరూ దిగారు. నేనూ దిగుతున్నాను. సెలవు.