సీత బొమలు

ఆదోనిలో ఆ రాత్రే నాటకం. సీత వేషం వేసే పత్తిమిల్లు గుమాస్తా పొద్దున్నే మీసం తీయించుకుని అద్దం చూసుకున్నాడు. కనుబొమలు మాత్రం గొంగళిపురుగుల్లా అట్లాగే ఉన్నాయి.

"దారంతో పీకేదా సామీ, కత్తితో గీసేదా?" అన్నాడు మంగలి.

"ఏది మేలు?"

"దారమైతే మీరేడుస్తారు. కత్తయితే ఊరు నవ్వుతాది. పోయినేడు మీసమూ బొమలూ లేని మీ మొగం సూసి, మీ నాయన పోయినాడని నందవరం సుట్టాలు ఏడ్సుకుంటా రాలేదా?"

"సబ్బు పూసి బొమలు అణిచేసి, పైన మసితో దిద్దితే?"

"సెమటకు కారిపోతాది. సీతమ్మకు నాలుగు బొమలు."

"దారమే కానీ. పోయినేడు నా ఆట సూసిన కోసిగి ఆసామి నాకు పిల్లనిచ్చేది తేల్చుకోను మళ్లా వచ్చినాడు."

మంగలి దారం పంట కరిచి బిగించాడు.

"ఇందాక గడ్డానికొచ్చినాడు సామీ. సీత సానా బాగుందన్నాడు. రాముడికి పెండ్లయిందా అని అడిగినాడు."