కారు తిరిగే చోటు

ఆసుపత్రి వరండాలో భర్త శవం కోసం అక్క ఎదురుచూస్తోంది. తమ్ముడు పక్కన నిలబడ్డాడు. నిన్న కూలిన మూడంతస్తుల మేడ అతనిదే. కింది వాటాలో ఉంటున్న ఆమె భర్త, మరో నలుగురు దాని కింద నలిగి చనిపోయారు.

“ఏమైనా తిన్నావా అక్కా?”

“అది కనుక్కోవడానికా వచ్చావు? అసలు సంగతి చెప్పు.”

“రేపు విచారణకి వస్తారు. బావ నీళ్ల తొట్టి కోసం గోడ పక్కన తవ్వాడని చెప్పు, చాలు.”

“మీ బావా? గోడకి మేకు కొట్టాలన్నా నిన్నడిగి కొట్టేవాడు. ఆయన గొయ్యి తవ్వాడా?”

“పోయిన మనిషిని ఎవరూ ఏమీ చేయలేరుగా. నాకు పిల్లలున్నారు.”

“అవున్లే, నావి కోడిపిల్లలు.”

“మెల్లగా అక్కా! ఎవరైనా వింటారు.”

“నువ్వు కింద స్తంభం కొట్టేయించినప్పుడు సమ్మెట మోత వీధంతా విన్నది. అప్పుడు లేని సిగ్గు ఇప్పుడెందుకురా?”

“అది అడ్డొచ్చి కొత్త కారు లోపలికి తిరగలేదు. బదులుగా ఇనుప దూలం పెట్టించాను కదా. ఆగుతుందనుకున్నా.”

“గోడ పగిలిందని మీ బావ చూపిస్తే ఏమన్నావు?”

“రంగు వేయిస్తానన్నాను.”

“వేయించావు కూడా. మాట తప్పే మనిషివా!”

“తోడబుట్టినవాణ్ణి జైలుకి పంపుతావా?”

“కారుకి దెబ్బేమైనా తగిలిందా?”

“లేదు. అప్పుడు బయట కడిగిస్తున్నా. ఇప్పుడు దాంట్లోనే వచ్చాను.”

“అయితే పద, రేపటిదాకా ఎందుకు? దాంట్లోనే పోలీస్ స్టేషన్‌కి వెళదాం. మేడ ఉన్న చోటు మీదుగా పోనీయ్. ఎలా కావాలంటే అలా తిప్పుకో, ఇప్పుడక్కడ ఏ స్తంభమూ అడ్డం లేదు.”