నాసరమ్మ తల

నాసరమ్మని ఒకామె ఉండేది, మిరపకాయలకి తొడిమలు తీసే పని. ఏమైందంటే, ఆమెకి దగ్గొచ్చింది. ముందు ఘాటుకనుకున్నారు, మిరపకాయల్లో కూర్చుని దగ్గనిదెవరు? తర్వాత నెత్తురు పడింది. టీబీ అన్నారు. ఆరు నెలలు మాత్రలు మింగింది, ఒక్క పూట తప్పలా. ఇంక నీకేం లేదు పో, ఎవరికీ అంటుకోదు అన్నాడంట డాక్టరు. ఊళ్ళోకొచ్చి అందరికీ చెప్పుకుంది. అందరూ పోన్లే మంచిదన్నారు. దూరంగా నిలబడి అన్నారు.

మా బజార్లో ఆడోళ్ళకి ఒక అలవాటుంది, నవ్వబాక. పని దిగొచ్చాక పొద్దు వాలేదాకా మెట్ల మీద ఒకరెనక ఒకరు కూర్చుని పేలు చూసుకుంటారు. అత్తాకోడళ్ళు జుట్లు పట్టుకున్న రోజు కూడా సాయంత్రానికి ఈమె తల ఆమె ఒళ్ళోనే, అనుకో. నాసరమ్మ కూడా రోజూ జుట్టు విప్పుకుని తన మెట్టు మీద కూర్చునేది. ఎవరూ లేచి పో అనలా. ఎవరూ ఎనక కూర్చోనూలా. చీకటి పడబోతుంటే ముడేసుకుని లోపలికి పోయేది. మర్నాడు మళ్ళీ విప్పేది. అట్టా ఏడాది.

అప్పుడు ప్రసూనని ఒక పిల్ల వచ్చింది, ఆటోలో, కాయితాలు పట్టుకుని. రోగమొచ్చినోళ్ళని ఊరు ఎంత ఎలివేసిందో కొలుస్తారంట. కొలిచేదేందమ్మా, అదేమన్నా కందిపప్పా? ఇరవై ప్రశ్నలంట, అవునంటే ఒకటి, లేదంటే సున్నా. పెద్దమ్మా, నీతో మాట్లాడ్డం మానేశారా అనడిగింది. లేదమ్మా, మాట్లాడతారు. మాట్లాడతారు నిజమే, రోడ్డు అవతల నుంచి. పెళ్ళికి పిలవడం మానేశారా? లేదమ్మా, పిలుస్తారు. పిలుస్తారు, ఆఖరి బంతికి, ఆ మూల. నువ్విస్తే తినడం మానేశారా? అయ్యో, ఇచ్చిందల్లా తీసుకుంటారు. తీసుకుని గేదెకి పెడతారు. ఇరవైకి ఇరవై లేదు, లేదు, లేదు. చివర కూడితే సున్నా. ఆ పిల్ల మొహం వెలిగిపోయింది. ఇంత మంచి ఊరు నేను చూళ్ళేదు పెద్దమ్మా అంది.

అప్పుడు నాసరమ్మ, అమ్మాయ్, ఒక్క పని చేసిపెడతావా, తల దురదగా ఉంది, కాస్త చూడు అంది. చదువుకున్న పిల్ల, ఏం జంకలా. మెట్టెక్కి ఎనక కూర్చుంది. పాయ తీసింది, చూసింది, ఇంకో పాయ తీసింది.

“ఒక్కటీ లేదు పెద్దమ్మా!”

“చెవుల ఎనక చూడు.”

“అక్కడా లేవు. ఈపి కూడా లేదు. మా హాస్టల్లో ఇట్టాంటి తల ఉంటే దండేసి ఊరేగించేవాళ్ళం.”

“యాణ్ణించి వస్తయ్యే పిచ్చిదానా? పక్కన ఇంకో తల ఉంటే గదా.”

ఆటోవాడు హారను కొడతానే ఉన్నాడు. ఆ పిల్ల లేవలా, లేని పేలనే వెతుకుతా కూర్చుంది. కాసేపటికి, మళ్ళీ మొదట్నించీ అడగనా పెద్దమ్మా, కొట్టేసి రాస్తాను అంది. నాసరమ్మ గబుక్కున తలెత్తింది. ఒద్దు తల్లీ, ఊరు ఎలేసిందని నేను చెప్పానని తెలిస్తే ఆ రోడ్డు అవతల మాట కూడా పోద్ది, సున్నాయే ఉంచు. సరే, సున్నానే పట్టుకుపోయింది. తర్వాత మాది మంచి ఊరని కాయితం వస్తే పంచాయతీ గోడకి తగిలించారు.

ఇవన్నీ నీకెవరు చెప్పారంటావా? ఎవరు చెప్పాలి, పక్క మెట్లు మావే గదా. ఆ పిల్ల ఆటో ఎక్కాక నాసరమ్మ ముడేసుకోలా, అట్టాగే కూర్చుంది, నా వైపే చూసింది కూడా. లేచి పోయి కూర్చోవడానికి నాలుగడుగులు. నాకా రోజు పొయ్యి మీద పాలున్నాయిలే.