సొంతూరి మ్యాచ్

నెబ్రాస్కాలో ఎల్క్ బెండ్ అనే చిన్న ఊరు. పళ్ళ డాక్టరు రాయిస్, ఆయన బావమరిది వెండెల్ ప్రతి గురువారం సాయంత్రం ఊరి రేడియోలో బాస్కెట్‌బాల్ కబుర్లు చెబుతారు. రాయిస్ ఇంటి బేస్‌మెంట్‌లోంచే ప్రత్యక్ష ప్రసారం. పైన వంటింట్లో రాయిస్ భార్య గ్లెండా ఉంది. ఆవిడ వెండెల్‌కి సొంత అక్క.

“ఆ పార్కింగ్ సంగతి తేలితే గానీ నేను ఆట గురించి నోరు విప్పను బావా. ఇరవై ఏళ్ళుగా ఆట జరిగే జిమ్ గుమ్మం ముందు పెట్టుకున్న కారు. ఇప్పుడు శ్మశానం అవతల పెట్టుకోవాలట!”

“అంత దూరమేం కాదురా వెండెల్. నడవచ్చు.”

“నడవచ్చు. కుర్చీ మీద వేసుకునే మెత్త ఒక చంకలో, కాఫీ ఫ్లాస్కు ఇంకో చంకలో, మా ఆవిడ సణుగుడు రెండు చెవుల్లో. సమాధులు దాటి వెళ్ళి మనవాళ్ళు ఓడిపోవడం చూసి, మళ్ళీ సమాధులు దాటుకుంటూ రావాలి. ఎటు వైపు ఎక్కువ హుషారుగా ఉంటుందో చెప్పలేను.”

“మైకు ఆన్‌లో ఉంది.”

“ఎప్పట్నించి?”

“శ్మశానం దగ్గర్నుంచి.”

“శ్రోతలారా, బాగున్నారా? నేను వెండెల్ ఆస్ట్‌బీని, ఇన్సూరెన్స్. ఈయన మా బావ రాయిస్ టీడెమన్, పళ్ళు. ఇవాళ మన మారో స్టేట్ కాలేజీ ఆడే ఎయిట్ రివర్స్ కాన్ఫరెన్స్ అనే ఎనిమిది కాలేజీల కూటమి గురించి. పేరుకు ఎనిమిది నదులు. పారేవి రెండు. ఈ ఎనిమిది కాలేజీలూ వాటిలో అవి కొట్టుకోవడం జనవరిలో మొదలవుతుంది. ఈలోపు రెండు నెలలూ బయటి కాలేజీల చేతుల్లో తన్నులు తినే కాలం. ఆ తన్నుల్లో తప్పకుండా చూడాల్సినవి ఐదు ఏరుకొచ్చాం.”

“ఐదోది మొదట చెప్పు.”

“వరస ప్రకారం వెళ్దాం బావా. అదేంటి, గంట?”

“ఓవెన్. గ్లెండా కుకీలు చేస్తోంది. మా అబ్బాయి టోబిన్ చొక్కా మీద ముప్ఫై ఒకటి ఉంటుంది కదా, ఆ అంకె ఆకారంలో. పైన నీలం చక్కెర పూత.”

“కట్టేసింది, విన్నావా? మా అక్క చేతిలో గంట రెండోసారి మోగదు. చిన్నప్పుడు మా నోళ్ళూ అంతే. సరే, మొదటి మ్యాచ్. పక్క రాష్ట్రంలో ఆ పెద్ద యూనివర్సిటీతో. వాళ్ళు చెక్కు రాసి మరీ పిలుస్తారు మనల్ని. మనం బస్సెక్కి వెళ్ళి, వాళ్ళ జనం ముందు శుభ్రంగా తన్నించుకుని, దారిలో బర్గర్లు తిని ఇంటికొస్తాం.”

“నేను క్రిస్మస్‌కి మీ అమ్మ ఇంటికి వెళ్ళొచ్చినట్టు.”

“మా అమ్మ నీకు చెక్కెప్పుడిచ్చింది?”

“అదొక్కటే తేడా.”

“అందులో చూడ్డానికేముంది అంటారా? మన కోచ్ ఎప్పుడు చేతులెత్తేస్తాడా అని చూడాలి. పోయినేడు సగం ఆట కాకుండానే ఎత్తేశాడు. చివర్లో బెంచీ మీద ఉన్నవాళ్ళందర్నీ దింపేశాడు.”

“టోబిన్ దిగాడు ఆ రోజు.”

“దిగాడు, దిగాడు.”

“మా అబ్బాయి బంతి కూడా ముట్టుకున్నాడు.”

“బంతే వాణ్ణి ముట్టుకుంది బావా. మోచేతికి తగిలి గీత అవతలికి పోయింది.”

“లెక్కల్లోకి ఎక్కింది కదా?”

“ఎక్కింది. తప్పుల కింద.”

“వెండెల్...”

“రెండోది! థాంక్స్‌గివింగ్ పండగ వారంలో, ఏటా ఆడే ఆ దీవి మీద టోర్నమెంటు. హోటల్లో పెళ్ళిళ్ళు చేసే హాలు ఉంటుంది, దాంట్లో చెక్కలు పరిచి కోర్టంటారు. మన జట్టుతో పాటు డీన్ గారు, డీన్ గారి భార్య, ఆవిడ చెల్లెలు కూడా వెళ్తున్నారు. పర్యవేక్షణకి.”

“ఏం పర్యవేక్షిస్తారు?”

“సముద్రాన్ని. ఎటూ పోకుండా.”

“టోబిన్ పోయినేడు అక్కడ్నుంచి వాళ్ళమ్మకి గవ్వల దండ తెచ్చాడు. చెప్పు, శ్రోతలకి చెప్పు.”

“తెచ్చాడు. టోర్నమెంటు మొత్తానికి మనం తెచ్చుకున్నది అదొక్కటే. మూడోది, మన పాత కోచ్ ఎదుటి జట్టు కోచ్‌గా తిరిగొస్తున్నాడు.”

“ఎవరికీ చెప్పాపెట్టకుండా మంచి ఉద్యోగం చూసుకుని పోయినవాడు.”

“ఉద్యోగం చూసుకోనీ బావా, నేను కాదన్నానా? మా మంచు ఊడ్చే మెషిన్ ఎందుకు పట్టుకుపోయాడు? ‘రేపిచ్చేస్తా వెండెల్’ అన్నాడు. వాడి రేపు ఇంకా రాలేదు. మా ఆవిడ ఈ మ్యాచ్ కోసం పెద్ద బ్యానరు రాయించింది.”

“స్వాగతం అనా?”

“మెషిన్ మోడల్ నంబరు.”

“ఈ ఊళ్ళో ఎవరూ ఏదీ మర్చిపోరురా.”

“మర్చిపోవడానికి ఇంకో పనేదైనా ఉండాలి కదా. నాలుగోది బైబిల్ కాలేజీతో. పాపం వాళ్ళు ఆట ముందు ప్రార్థన చేసుకుంటారు. పోయినేడు మనం అరవై పాయింట్ల తేడాతో చితక్కొడితే ఆట అయ్యాక కూడా చేసుకున్నారు. మన కోచ్ ఆఖరి నిమిషం దాకా కనికరించలేదు. అందరికంటే గట్టిగా ‘ఇంకా వెయ్యండి, ఇంకా’ అని కుర్చీ ఎక్కి అరిచినవాడు ఎవరో తెలుసా శ్రోతలారా? చర్చిలో ఆదివారం ఆదివారం చందా పళ్ళెం తిప్పే మా బావ.”

“తేడా పెరిగితే టోబిన్‌ని దింపుతాడని అరిచాను.”

“దింపాడా?”

“కోచ్... మర్చిపోయాడు.”

“అరవై తేడాకి కూడా గుర్తురాలేదు. ఇంకో పది వేసుంటే గుర్తొచ్చేవాడేమో. ఆ బైబిల్ పిల్లలు ఇంకొంచెం సహకరించాల్సింది.”

“సరే, ఐదోది. మైకు దగ్గరికి జరిగి గట్టిగా చెప్పు.”

“ఐదోది... డిసెంబర్లో మన ఎల్క్ బెండ్ హైస్కూల్ జిమ్‌లో. మనకంటే చిన్న కాలేజీ ఒకటి వస్తుంది. పాప్‌కార్న్ మెషిన్ బాగు చేయించారట. వాతావరణం చూస్తే—”

“అసలు సంగతి చెప్పరా. అక్కడెందుకు ఆడుతున్నారు?”

“అందరికీ తెలిసిందే కదా.”

“తెలిసినా చెప్పు.”

“కాలేజీలో ఆఖరి ఏడాదికొచ్చిన కుర్రాడికి కోచ్ చేసే మర్యాద అది. జట్టు మొత్తాన్ని వాడి సొంతూరికి తీసుకొచ్చి ఒక మ్యాచ్ ఆడిస్తాడు. అమ్మా నాన్నా, బడి పంతుళ్ళూ, వాణ్ణి పెళ్ళి చేసుకోనన్న ఆడపిల్లలూ అందరూ చూస్తారు. మన ఊరికి ఆ మర్యాద పోయిన ఏప్రిల్లో ఖాయమైంది.”

“ఎవరి కోసం?”

“ఊరి కోసం.”

“ఎవరి కోసం వెండెల్?”

“టోబిన్ కోసం! చాలా?”

“చాలదు. నువ్వు వాడి మేనమామవి. వాడి గురించి ఒక్క మంచి ముక్క చెప్పు.”

“పొడుగ్గా ఉంటాడు.”

“ఇంకా?”

“తల చక్కగా దువ్వుకుంటాడు. మూడేళ్ళుగా ఆడకుండా కూర్చున్నా ఆ పాపిడి చెదరలేదు. చెదరడానికి కారణమూ కనబడలేదు.”

“వారం వారం ఇదే వరస. ఒక్క మంచి ముక్క అడిగితే నీ నోట్లోంచి పురుగులే వస్తాయి. ఊరందరూ వాడి బొమ్మ వేసిన చొక్కాలు కొన్నారు. ఒక్కరు కాదనలేదు, తెలుసా?”

“ఎందుకు కాదనలేదో ఎప్పుడైనా ఆలోచించావా?”

“అభిమానం.”

“అభిమానమే. శవపేటిక మీద పూలు పెట్టే రకం.”

“నీకు కుళ్ళురా. మా వాడు కాలేజీ జట్టులో ఉన్నాడు, మీ అబ్బాయి కర్బీ తివాచీలు అమ్ముకుంటున్నాడని కుళ్ళు.”

“కర్బీ జోలికి రాకు.”

“అమ్ముకోవడం తప్పని నేననలేదు. ఎవరి కాళ్ళ కింద చోటు వాళ్ళది.”

“అవునా? అయితే చెప్తాను విను. పోయిన గురువారం నువ్వు లేవు. నీ పేగుల్లోకి కెమెరా పెట్టించుకోడానికి నువ్వూ అక్కా ఒమాహా ఆసుపత్రికి వెళ్ళారు. నేనొక్కణ్ణే ప్రోగ్రాం చేశాను.”

“ప్రకటన పెట్టు.”

“ఇప్పుడే ఏం ప్రకటన? ఇంకా టైముంది.”

“టైరు షాపు ప్రకటన పెట్టరా.”

“ఆ రోజు శ్రోతలకి ఒక సంగతి చెప్పాను. ఊళ్ళో ఇప్పుడు నీకు తప్ప—”

“వెండెల్, నోరు ముయ్యి. పాట పెట్టు. ఏదో ఒకటి పెట్టు.”

“మూడేళ్ళు విన్నాను బావా. మా వాడు, మా వాడు, మా వాడు. పండక్కి టర్కీ కోడిని కోస్తున్నా మా వాడు, సమాధి తవ్వుతున్నా మా వాడు. నోట్లో మత్తు సూది గుచ్చి, నేను మాట్లాడలేని సమయం చూసి మరీ మా వాడు! ఇప్పుడు నువ్వు విను. అభిమానుల క్లబ్బు భోజనాల్లో, మేనమామని కాబట్టి నాకు తెలుసనుకుని కోచే స్వయంగా నోరు జారాడు. మీ వాణ్ణి ఆగస్టులోనే జట్టులోంచి పీకేశాడు. లిథువేనియా నుంచి ఏడడుగుల వాడొకడొచ్చాడు, ఆ చోటు వాడికిచ్చాడు. ముప్ఫై ఒకటో నంబరు చొక్కా కూడా వాడికే. పైన నీలం పూత పూస్తున్న ఆ కుకీలన్నీ ఎవడో లిథువేనియా వాడివి. అదీ సంగతి. మ్యాచ్‌కి ఒప్పందం ముందే అయిపోయింది కాబట్టి జట్టు వస్తుంది. మీ వాడు రాడు. ఇప్పుడు పెట్టమంటావా ప్రకటన?”

“నాకు తెలుసురా.”

“ఏం తెలుసు?”

“ఆగస్టు నుంచీ తెలుసు. వాడు క్లినిక్‌కి ఫోన్ చేశాడు. మిసెస్ హోల్కం నోట్లో నా చెయ్యుంది అప్పుడు. చెయ్యి తియ్యడం కూడా మర్చిపోయాను.”

“మరి... చొక్కాలు? ఈ హంగామా అంతా?”

“అమ్మకి చెప్పొద్దు నాన్నా అని ఏడ్చాడు. వాడు బెంచీ మీద కూర్చోవడం చూడ్డానికి మూడు చలికాలాలు మంచులో ఒక్కత్తీ కారు నడుపుకుంటూ పోయిందిరా నీ అక్క. బాగా కూర్చున్నాడు అని చెప్పుకునేది. నేను వెళ్ళి కోచ్ కాళ్ళు పట్టుకున్నంత పని చేశాను. ఆ ఒక్క మ్యాచ్‌కి పాత చొక్కా ఒకటి వాడికి తొడిగి, బెంచీ చివర కూర్చోబెడతానన్నాడు. ఊరు దాటి పొక్కకపోతేనే, అన్నాడు. పొక్కితే మిగతా తల్లిదండ్రులందరూ మీద పడతారని.”

“కానీ ఊరందరికీ నేను పోయిన వారమే—”

“నీకంటే ముందు నేనే చెప్పాను. సెప్టెంబర్లోనే. ఇంటింటికీ తిరిగి చెప్పాను. టైరు షాపులో, చర్చిలో, బడిలో. చొక్కాలు కొనండి, గ్లెండా దగ్గర మామూలుగా ఉండండి అని బతిమాలుకున్నాను. పోయిన వారం నువ్వంత గొప్ప వార్త చెబితే ఒక్క ఫోనైనా వచ్చిందా?”

“రాలేదు. అందరూ నిర్ఘాంతపోయారనుకున్నాను.”

“కొత్త సంగతి కాదు కాబట్టి రాలేదు. మీ ఆవిడకి కూడా తెలుసు.”

“మా ఆవిడకా! నాకు చెప్పలేదే!”

“ఊళ్ళో నీకొక్కడికే చెప్పలేదురా.”

“ఎందుకు?”

“ఎందుకో ఇప్పుడే వినిపించావు కదా.”

“బావా... అది కాదు, అక్క మన ప్రోగ్రాం వినదు. నా గొంతు వింటే తలనొప్పి అంటుంది. పెళ్ళిళ్ళలో కూడా చెవులు మూసుకుంటుంది.”

“ఇదివరకు వినేది కాదు. టోబిన్ ఫోన్లు చెయ్యడం మానేశాక మొదలుపెట్టింది. ఎవరో ఒకరి నోట వాడి పేరు వినబడుతుందని. అందుకే కదరా, వారం వారం ఒక్క మంచి ముక్క చెప్పమని నీ ప్రాణం తీసేది.”

“పైన రేడియో ఉందా?”

“రొట్టెల డబ్బా పక్కన.”

“ఆన్‌లో ఉందంటావా?”

“ఇప్పటి దాకా సన్నగా నీ గొంతు మెట్ల మీదుగా తిరిగొస్తోంది. ఇప్పుడు రావట్లేదు.”

“గంట మోగుతోంది.”

“ఓవెన్.”

“కట్టేస్తుందిలే. మా అక్క చేతిలో... ఇంకా మోగుతోంది బావా.”

“వినబడుతోంది.”

“నువ్వెళ్ళు. నీ పెళ్ళాం.”

“నీ అక్క.”

“దాచింది నువ్వు.”

“చెప్పింది నువ్వు.”

“అడుగుల చప్పుడేమైనా వస్తోందా?”

“లేదు. మాడు వాసన వస్తోంది.”

“టైరు షాపు ప్రకటన పెట్టనా?”

“ఇప్పుడా?”

“శ్రోతలారా... పార్కింగ్ సంగతి తర్వాత చూసుకుందాం. లైన్లన్నీ ఖాళీగా ఉన్నాయి. మా ఇద్దరిలో ముందెవరు మెట్లెక్కాలి, ఎక్కి ఏమనాలి, కాస్త ఫోన్ చేసి చెప్పండి. మీ అందరికీ దణ్ణం పెడతాను. ఇన్నాళ్ళూ ఊరు ఊరంతా నోరు మూసుకోగలిగారు కదా, ఇప్పుడొక్కసారి ఎవరైనా నోరు విప్పండి.”