టైల్స్ సందుల తడి

ధరూర్‌లో కురుమయ్య ఇల్లు. స్నానాల గది గడపలో కోడలు మాలతి నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడింది. లోపల గద్వాల మేస్త్రీ యాసిన్ గొంతుక్కూర్చుని, తాను గ్రౌట్ నింపిపోయిన టైల్స్ సందులను వేలితో గీకి చూస్తున్నాడు.

“మల్ల ఊడొచ్చిందా? నిజం చెప్పు యాసిన్, నువ్వు నింపింది గ్రౌటా, ఇడ్లీ పిండా?”

“అక్కా, జర చెయ్యి పెట్టి చూడు. గోడ పచ్చి, కింద పచ్చి. దీని మీద నీళ్లు దిగకుండ ఆపే సీలర్ ఎట్ల కొట్టాలె నేను?”

“కొట్టు. ఎట్లన్న కొట్టు. రేపు మా అత్తమ్మను దవాఖాన్ల నుంచి తెస్తున్నరు.”

“తడి మీద కొడితే పాల లెక్క తెల్లగయ్యి, పొరలు పొరలు లేస్తదక్కా. నీళ్లు మల్ల గోడలకే దిగుతయి.”

“ఇంకేం దిగుతయి? అవతల గోడకే ఆమె మంచం. సున్నం రాలి పక్క మీద పడ్తుంది. తుంటి ఇరిగిన మనిషి, వాకిట్ల తడక సాటుకు పోయి తానం జేస్తదా?”

“అందుకే గద, మొక్కి చెప్పిపోయిన. ఎవ్వలూ నీళ్లు పొయ్యొద్దు, ఆరనియ్యుండ్రి అని.”

“ఎవ్వలు పోసిండ్రు? ఇంటిల్లిపాది బకెట్లు పట్టుకొని పక్కన సుభద్రమ్మోళ్లింటికి పోతున్నం తానాలకు. ఆమె మొకం రోజురోజుకు ముడుసుకపోతుంది.”

“మరి నీళ్లు యాడికెళ్లి వచ్చినయి?”

“నన్నడుగుతవేంది? మేస్త్రివి నువ్వు!”

“పైపు చూసిన, లీకు లేదు. ట్యాంకి చూసిన, లేదు. ఇగ పిల్లలే...”

“పిల్లల పేరు తియ్యకు! పోయినసారి గట్లనే అంటివని తాళమేసిన.”

“తాళంచెవి ఎవరికాడుంది?”

“మా మామకాడ. మొలతాడుకు కట్టుకుండు. ఆయన కాపలుంటే ఈగ గూడ సొరదు.”

“అక్కా, గద్వాలల నా పేరు ఖరాబైతుంది. యాసిన్ పని నీళ్లపాలు అంటుండ్రంట.”

“అనరా మరి? నేనే అంటున్న! ఇగో, మామ రానే వచ్చిండు. మామా, జర చెప్పు ఈయనకు. లోపలికి ఎవరన్న పోయిండ్రా?”

“పచ్చి పని తొక్కనిస్తనా బిడ్డా? భాస్కర్‌గాడొస్తే గూడ ఎళ్లగొట్టిన. కన్న కొడుకని సూడలే.”

“విన్నవా? విన్నవా యాసిన్?”

“విన్న. పెద్దాయనా, మరి ఈ తడేంది?”

“తడుండాలె గద.”

“ఏంది?”

“నువ్వేమో పనిజేసి బండెక్కి పోతివి. వీళ్లకేమో తెల్వకపాయె. సిమెంటు పని నీళ్లు తాగకుంటే గట్టివడ్తదా? ఈ ఇల్లు కట్టినప్పుడు నేను, మా ఇంటామె జోగులమ్మ కడవలు మోసి మోసి గోడలు తడిపినం. ఇయ్యాల్టికి ఒక్క పగులు రాలే.”

“మామా... అంటే నువ్వు...”

“రేపు అది వస్తది గద బిడ్డా. కాలు పెడితే గట్టిగుండాలె. పొద్దుగాల కడుపునిండ తాపిన. జరుగు యాసినూ, ఇంకో బకెట్ తెచ్చిన.”