కవిటి నుండి వచ్చిన సీసా

ఆరోగ్యప్రదాతయైన అరసవల్లి సూర్యనారాయణమూర్తికి అంజలి ఘటించి, మూత్రపిండాల జబ్బుకు పేరుపడిన ఉద్దానపు ముచ్చట ఒకటి విన్నవించుచున్నాను.

రెండువేల నాలుగు, వేసవి. పదేళ్లుగా మధుమేహమున్న కవిటి కొబ్బరి రైతు ఢిల్లీరావు, తన మూత్రపరీక్ష ఫలితానికై పలాసకు వచ్చి, అక్కడ పరీక్షలు చేసే బావమరిది తిరుమలరావు ఎదుట కూర్చున్నాడు.

"నవ్వుతావేటి బావా? ఈ సీసాలోది ఎవుడి ఉచ్చ?"

"నాదే. పేరు నువ్వే రాసినావు కదా. ఏటంది నీ మిసను?"

"ఆల్బుమిన్ నేదంది."

"సూసినావా! నా కిడ్నీలు బంగారం."

"క్రియాటినిన్ కూడా నేదంది. అది నేకుండా మనిసన్నోడు ఉచ్చ పొయ్యడు బావా. పందారైతే నిండా ఉంది. ఏటి పోసినావు?"

"బొండం నీళ్లు. మా తోటదే, లేతకాయ. నీ సదువు ఎంతో సూద్దారని."

"సిగ్గు నేదూ?"

"నీకు నేదూ? మనిసికీ బొండానికీ తేడా తెలడానికి రెండ్రోజులా?"

"రెండు గంటలే. మిగతాది నిన్నెలా తిట్టాలా అని ఆలోసించినాను."

"తిట్టు, తిట్టు. రక్తం బాగుందని డాక్టరే సెప్పినాడు. మళ్లీ ఉచ్చెందుకు?"

"రక్తంలో తెలిసేసరికి సగం కిడ్నీ పోతాది. ఉచ్చలో ముందే తెలుస్తాది. ఇప్పుడైతే మాత్తర్లతో ఆగుతాది బావా."

"ఏడిసినావు! జబ్బెందుకో సూస్తామని సీసాలట్టుకుని వచ్చినోడల్లా మా ఊరి ఉచ్చ పట్టుకెళ్లినోడే. తిరిగొచ్చి జవాబు సెప్పినోడు ఒక్కడున్నాడా?"

"నేను సెప్తాను. ఇదిగో కొత్త సీసా. రేపు లేవగానే పట్టు."

"పట్టను."

"ఎందుకు?"

"పట్టనంటే పట్టను. ఇంట్లో మీ అప్పకీ ఇదే సెప్పినాను."

"బొండం కొట్టి, నీళ్లు వంచి, మూత బిగించి, బస్సెక్కి పలాస దాకా తెచ్చినావు. ఉచ్చకైతే ఇందులో సగం కట్టం నేదు. ఎందుకు పట్టవు? ... బావా? ఇటు సూడు."

"పట్టినాను రా. ముందు నాదే పట్టినాను. సీసా నిండా నురగే. ఎంతసేపున్నా అణగనేదు. కిడ్నీ జబ్బుతో పోయిన మా అన్నకి కట్టినట్టే కట్టింది. మీ అప్ప సూడకుండా పారబోసీసినాను."

ఈ మాటలు విన్నవారందరినీ ఆ వేయి వెలుగుల వేలుపు చల్లగా చూచుగాక. చెప్పవలసిన మాటను వేళ మించకముందే వారి నోట పలికించుగాక.