తీసేసిన మీసం

వేంపల్లెలో ఇంటి ముందు మంచం మీద కూర్చున్న ముసలాయన, వాకిట్లోకి వచ్చిన కొడుకు ముఖం చూసి దగ్గు దిగమింగుకున్నాడు. తండ్రి బతికుండగా కొడుకు మీసం తీయించే ఆనవాయితీ ఆ ఇంట్లో లేదు.

"మీసం యాడరా?"

"తీపించినా నాయనా, గుండు గూడా. మా హీరోకు ఈ పొద్దు పెద్దకర్మ గదా, అభిమానులందరం తీపించుకున్యాం."

"ఆయప్పను ఎప్పుడన్నా దగ్గరగా సూసినావా?"

"లేదు."

"ఆయప్పకు నీ పేరన్నా తెలుసునా?"

"తెలీదులే. కువైట్‌లో ఉన్నప్పుడు దినామూ సెల్లులో ఆయన సినిమా పెట్టుకోని పండుకుంటాంటి. ఆ గదిలో నాతో మాట్లాడే గొంతు అదొకటే నాయనా."

"నేను ఫోన్ చేస్తాంటి గదరా."

"చేస్తాంటివి. వాన పడిందో లేదో చెప్పి పెట్టేస్తాంటివి. తిన్యావా అని ఒక్కసారి గూడా అడగలే."

ముసలాయన చెయ్యి తన మీసం మీదికి పోయింది. అడగాలని ప్రతిసారీ అనుకునేవాడు. అవతల కొడుకు ఏడిస్తే తట్టుకోలేనని అడగలేదు.

"మంగలి ముందర కూసున్నప్పుడన్నా నేను గ్యాపకం రాలేదా?"

"రాలేదు నాయనా."

"మళ్ళా పెరిగేదానికి ఎన్నాళ్ళు పడ్తాది?"

"నెలన్నా పడ్తాది. ఎందుకు?"

ముసలాయన ఆపుకున్న దగ్గంతా దగ్గి, తువ్వాలుతో నోరు తుడుచుకున్నాడు.

"అంతదాకా ఉంటాలే."